నూకరత్నం పలక ట్రాన్స్‌ఫార్మర్

నమోదు 1

ఎర్రవలస పేటెంట్ ఆఫీసు కట్టుబాటు ప్రకారం, పరీక్ష మొదలుపెట్టే ముందు పరీక్షకుడు తన చుట్టరికాలు చెప్పుకోవాలి. చెప్పుకుంటున్నాను. నా పేరు వాన తవిటినాయుడు. చినుకన్నది ఎరగని అంగారకుడి మీద ఈ ఇంటిపేరు పెట్టుకు తిరుగుతున్నందుకు నవ్వేవాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు, కొత్తగా ఎవరూ కష్టపడనక్కర్లేదు. నా భార్య పారిజాతం. ఆమె అక్క సన్యాసమ్మ, అంటే మా వదిన, తూర్పు సొరంగంలో కాపురం ఉంటుంది. ఇప్పుడు నా బల్ల మీద ఉన్న దరఖాస్తు నెగ్గితే వదిన అక్కడే ఉంటుంది. ఓడితే మా ఒకటిన్నర గది ఇంటికి వచ్చేస్తుంది. నా మనసు ఎటు మొగ్గుతుందో చదివేవాళ్లే తేల్చుకోండి. తీర్పు చదివాక ఈ నమోదులు ఎవరైనా చదవచ్చు కాబట్టి దాచి లాభం లేదు.

దరఖాస్తుదారు లెంక నూకరత్నం. తూర్పు సొరంగంలో మరమ్మతుల దుకాణం నడుపుతుంది. ఆ సొరంగంలో గాలిపెట్టెలు పాతబడ్డాయి. ఒక్కో పెట్టెలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని నిండా వెంట్రుకంత రాగితీగ చుట్లు. చుట్లు కాలిపోతే మళ్లీ చుట్టాలి. చుట్టడానికి తీగ లేదు, తీగ తెచ్చే ఓడ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడూ లేడు. దుమ్ముకాలం వచ్చేలోగా పెట్టెలు బాగుపడకపోతే తూర్పు సొరంగానికి ఇనుపరేకులు బిగించి, అక్కడి వాళ్లను తలా ఒక ఇంట్లో సర్దాలని సంఘం తీర్మానం చేసింది. ఒకసారి మూసిన సొరంగంలో నీటిగొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి. అలా మూసినదాన్ని మళ్లీ తెరిచిన దాఖలా మన ఊళ్లో లేదు.

నూకరత్నం అంటున్నది ఏమిటంటే, తీగే అక్కర్లేదట. సర్క్యూట్ బోర్డు మీద అతికిన రాగిరేకును ముగ్గు గీసినట్టు గుండ్రంగా చుట్లుచుట్లుగా మిగిల్చి, తక్కినదంతా మందునీళ్లలో కరిగించేస్తే ఆ గీతలే తీగ పని చేస్తాయట. రాగిరేకుకు మనకు కరువు లేదు, పాత గోడల్లోంచి ఒలుచుకోవచ్చు.

కానీ పరీక్షకు నిలవని వస్తువును గాలిపెట్టెలో పెట్టకూడదు. ఊపిరితో ప్రయోగాలు వద్దని మొదట వచ్చినవాళ్లు పెట్టిన నియమం అది. తోసిపుచ్చితే నిండు సంవత్సరం దాకా మళ్లీ దాఖలు చేసుకోవడానికి లేదు. ఇక్కడి సంవత్సరం భూమి మీద దాదాపు రెండేళ్లు.

నమోదు 2

చదివాను. మొదటి హక్కుగా ఆవిడ అడిగింది "బోర్డు మీది రాగి గీతలే చుట్లుగా గల ట్రాన్స్‌ఫార్మర్" మొత్తాన్ని. ఇది కుదరదు. మన తాతలు దిగిన నౌకల్లోనే ఇలాంటివి ఉన్నాయి. మ్యూజియం గదిలో ఉన్న నౌక పెట్టె మూత తీయించి చూశాను. పలకలాంటి బోర్డు, దాన్ని పైనుంచీ కిందనుంచీ పట్టుకున్న, ఇనుప పొడి కాల్చి చేసిన ఫెర్రైట్ దిమ్మ. అంతా కలిపి గాజులా గట్టిపడిన నల్ల జిగురులో ముంచి ఉంది. పాతదాన్ని తనదంటే ఎలా? ఆక్షేపణ రాసి మా పై అధికారి పొట్నూరు సుజ్ఞాన గారి చేతికిచ్చాను.

రాస్తున్నంతసేపూ హుషారుగానే ఉంది. ఇంటికొచ్చి దులుపుడు గదిలో బట్టల మీది ఎర్రదుమ్ము బ్రష్షుతో కొట్టుకుంటుంటే, నేను కొట్టేసింది వదిన ఇంటిని కూడా కావచ్చని గుర్తొచ్చింది. పారిజాతం ఏమీ అడగలేదు. అడగకూడదని ఆమెకు తెలుసు. అన్నంలో చారు మాత్రం కాస్త తక్కువ పోసింది.

నమోదు 3

నూకరత్నం జవాబు వచ్చింది. మొదటి హక్కు వదులుకుంటున్నానని ఒక్క వాక్యంలో రాసింది. వాదన లేదు, నిష్ఠూరం లేదు. "పెద్దలు చేసినదాన్ని నేను కనిపెట్టానని అనుకున్నాను, తెలియజేసినందుకు సంతోషం" అని మాత్రం ఉంది. ఇరవై ఏళ్లుగా ఆక్షేపణలు రాస్తున్నాను, దానికి సంతోషపడ్డ మనిషిని చూడలేదు.

ఇప్పుడు మిగిలింది బిగింపు పద్ధతి. చుట్ల పలకను పెద్ద బోర్డు మీద పడుకోబెట్టకుండా, గాడి చేసి నిలువుగా దించుతుంది. ఫెర్రైట్ దిమ్మ రెండు ముక్కలు. ఒకటి బోర్లించిన మూడు కాళ్ల పీటలా ఉంటుంది, రెండోది దాని మీద మూత. ఆ రెంటినీ జిగురుతో కాకుండా స్ప్రింగు క్లిప్పుతో పట్టి ఉంచుతుంది. రెండు వేళ్లతో నొక్కితే ఊడి వచ్చే క్లిప్పు. ఇలాంటిది మునుపు ఎక్కడా దొరకలేదు. కొత్తదే.

కొత్తదైతే చాలదు. పనితెలిసిన ఏ మనిషికైనా ఇట్టే తట్టేదై ఉండకూడదు. జిగురుకు బదులు క్లిప్పు. దండెం మీద బట్టలకు కూడా క్లిప్పులే పెడతాం, ఇందులో ఎవరికీ తట్టనిది ఏముంది? ఆ ప్రశ్న పక్కన ఖాళీ వదిలి, చేసి చూసే ఘట్టానికి వెళ్తున్నాను. ఏమైనా కాగితాల పోరు ఒక కొలిక్కి వచ్చింది. ప్రాణం తేలికపడింది.

నమోదు 4

మౌనకాలం మొదలైంది. మన ఊరి పద్ధతి తెలియనివాళ్లు ఎప్పుడైనా దీన్ని చదువుతారేమోనని రాస్తున్నాను. పరీక్షకుడు ఆ వస్తువును కాగితంలో రాసినదాన్ని బట్టి మాత్రమే స్వయంగా తయారుచేయాలి. తర్వాత దాన్ని తన ఇంటి గాలిపెట్టెలో పెట్టుకుని బతకాలి. ఈ కాలమంతా దరఖాస్తుదారు ఆ వస్తువు గురించి ఒక్క మాట గానీ సైగ గానీ చేయకూడదు. చేస్తే దరఖాస్తు అక్కడికక్కడే రద్దు. రేపు ఆ మనిషి లేకపోయినా కాగితం చూసి ఎవరైనా చేసుకోగలగాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన. రెండుసార్లు చేసి చూడవచ్చు. రెండూ పాడైతే తోసిపుచ్చాలి.

రాగిని కరిగించడానికి పారిజాతం స్టీలు పళ్లెం తీసుకున్నాను.

"అందులో ఇంక అన్నం తినగలమేటండి?" అంది.

"కడిగి ఇస్తాను."

"తవరు కడిగినవి నాను సూసినాను లెండి. అట్టే పెట్టుకోండి."

గీతలు బాగా వచ్చాయి. గాడిలో పలక కుదురుగా దిగింది. దిమ్మ ముక్కలు రెండూ పట్టాయి, క్లిప్పు టక్కున పడింది. చివరికి మామూలే, అచ్చులో పెట్టి నల్ల జిగురు పోసి, గాలి బుడగలు లాగేసి ఆరబెట్టాను. మన దుమ్ములో ఇనుము పాలు ఎక్కువ. ఫెర్రైట్ కనిపిస్తే బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టేస్తుంది. అందుకే గాలిపెట్టెలోకి పోయే ప్రతిదాన్నీ జిగురులో ముంచడం మన చేతులకు అలవాటు.

నమోదు 5

నీళ్ల వరుసలో నూకరత్నం నా వెనకే నిలబడింది. ఊరు చిన్నది, కొళాయి ఒక్కటే. మౌనకాలమని మొహం తిప్పుకుంటే బాగోదు. ఆ సంగతి తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు.

"ట్రేలో గోంగూర ఎలా ఉంది రత్నమ్మా?" అన్నాను.

"ఏపుగానే ఉంది బావూ. పులుపే నేదు. ఈ ఎర్రమన్నులో గోంగూరకి పులుపెక్కడినుంచి వొస్తాది."

అంతలో బిందె ఎత్తబోయి నా చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో నల్ల జిగురు ఇంకా వదల్లేదు. ఆవిడ మొహం కళ తప్పింది. ఎత్తిన బిందె కింద పెట్టింది. నోరు తెరిచి మూసుకుంది. ఆ తర్వాత నేను గోంగూర గురించి ఎన్ని అడిగినా జవాబు లేదు. నా గోళ్ల మురికి చూసి రోత పుట్టిందేమో. ఇంటికొచ్చి రాయితో రుద్దుకున్నాను.

నమోదు 6

ట్రాన్స్‌ఫార్మర్ మా గాలిపెట్టెలో కూర్చుంది. ఆన్ చేయగానే సన్నగా ఊపిరి తీసినట్టు చప్పుడు, అంతే. పాతదాని రొద అలవాటైన చెవులకు ఇల్లు ఎవరిదో అన్నట్టుంది. చేయి పెట్టి చూస్తే కాస్త వెచ్చన, ఫరవాలేదు.

పారిజాతం మంచం మీద కూర్చుని గాలిపెట్టె వంకే చూస్తోంది. "అక్క ఇల్లు నిలబడినట్టేనా?" అని అడగలేదు. "పప్పులో ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది. సరిపోయిందన్నాను. నిజానికి ఎక్కువైంది. మనసు బాగుంటే ఏదైనా తినేస్తాం.

నమోదు 8

మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నాం, కోడి కూసింది. కోడి అంటే గాలిలో విషం పెరిగినప్పుడు అరిచే గంట. ముద్ద అక్కడే వదిలేసి లేచాం. ట్రాన్స్‌ఫార్మర్ పెనంలా కాలుతోంది. తీసేసి పాతది పెట్టేసరికి పారిజాతం పెదవులు తెల్లబడ్డాయి. తలుపు తెరిచి నడవలో కూర్చోబెట్టాను. కాసేపటికి తేరుకుని "నాకేటీ అవలేదు గానీ, అది పోనాదేటండి?" అంది.

పోయింది. ఇంకొక్కసారి చేయవచ్చు. ఈసారి మరింత జాగ్రత్తగా చేస్తాను. గీతల వెడల్పు భూతద్దం పెట్టి చూశాను. దిమ్మ ముక్కల్ని రెండుసార్లు తుడిచాను. ఎక్కడైనా దుమ్ము దూరిందేమోనని అనుమానం కొద్దీ జిగురు ఈసారి రెండు పొరలు పోశాను.

నమోదు 9

నీళ్ల వరుసలో నూకరత్నం ఇప్పుడు నోరే విప్పడం లేదు. బుగ్గలు రెండూ పూరించుకుని నిలబడుతోంది. పలకరిస్తే తలూపుతుంది, అంతే. పన్నుపోటేమో అనుకున్నాను. లేకపోతే నా మీద కోపం. కోపమైతే పడవలసిందే, పరీక్షకుడి కొలువే అంత.

తూర్పు సొరంగం మూతికి సంఘం వాళ్లు కొలతలు తీసుకుని వెళ్లారు. ఇనుపరేకులు కోస్తున్నారు.

నమోదు 11

రెండోది మొదటిదాని కంటే తొందరగా చచ్చింది. ఈసారి కోడి కూసేదాకా ఆగలేదు, మాడు వాసన రాగానే తీసేశాను.

సుజ్ఞాన గారికి చెప్పాను. వయసులో నాకంటే చాలా చిన్నది. కానీ మాట తూచి మాట్లాడుతుంది.

"రెండూ అయిపోయాయి కదా నాయుడు గారూ. తోసిపుచ్చుతూ రాసెయ్యండి. ఎక్కడ చెడిందో కారణం మాత్రం స్పష్టంగా రాయాలి. ముప్పై ఇళ్ల సంగతి."

"రాస్తాను" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి వదిన రెండు మూటలతో గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరు చెప్పారో తెలియదు, ఈ ఊళ్లో గోడలకు చెవులే కాదు, కాళ్లు కూడా ఉన్నాయి.

"మరిదిగారూ, నా మంచం ఏ మూల ఏస్తారు?" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ నోటికి జడిసి నేను ఇన్నాళ్లూ వేళాకోళం రాశాను గానీ, ఆ నవ్వు చూశాక మూటలు రెండూ నేనే ఎత్తి లోపల పెట్టాను. పాతికేళ్లు కాపురం చేసిన ఇల్లు. భర్తను అక్కడి నుంచే సాగనంపింది. మూటల్లో ఒకదానిలో ఆయన చెప్పులున్నాయని పారిజాతం తర్వాత చెప్పింది.

నమోదు 12

ఈ నమోదు వంటింటి గట్టు మీదే రాస్తున్నాను.

కారణం స్పష్టంగా రాయాలి కాబట్టి చచ్చిన రెండోదాన్ని కోసి చూడాలనుకున్నాను. జిగురు మెత్తబడేందుకు వంటింట్లో ఆవిరి మీద పెట్టాను. పారిజాతం, వదిన చెరో పక్క నిలబడి చూస్తున్నారు. కత్తితో ఒలిస్తే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. లోపల దిమ్మ ముక్కలు రెండూ విడివడ్డాయి. ఒకదాన్నొకటి ముట్టుకుని ఉండవలసిన చోట నల్లగా ఏదో మెరుస్తోంది. గోటితో లేపాను. ఉల్లిపొర అంత పలచటి జిగురు పొర, పూర్తి ముక్కగా ఊడి వచ్చింది. బుడగలు లాగేటప్పుడు లోపలికి పీల్చుకుని, ఆరేటప్పుడు ముక్కల్ని ఎడంగా నెట్టేసింది. ఆ రెండు ముక్కల మధ్య అంత సందుంటే చుట్లలో కరెంటు పోటెత్తుతుంది. వేడెక్కక ఏం చేస్తుంది?

"ఇదేటండి, మధ్యలో పొర?" అంది పారిజాతం. "ఆవిడ పెట్టమని రాసిందేటి?"

"లేదు."

"మరెవులు పెట్టినారు?"

"నేనే" అన్నాను.

అన్నాక కూడా వెంటనే తలకెక్కలేదు. కాగితం తెచ్చి మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. జిగురు అన్న మాట ఎక్కడా లేదు. పైగా చివర్లో "వారానికొకసారి క్లిప్పు తీసి, దిమ్మ మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ క్లిప్పు పెట్టవలెను" అని శుభ్రంగా ఉంది. ఇది ముందూ చదివాను. జిగురు పోశాక క్లిప్పు ఎలా తీస్తారని ఒక్కసారైనా అనుమానం రాలేదు. జిగురు పోయకపోవడం అనేది ఒకటి ఉంటుందని నా బుర్రకు తట్టనే లేదు. నౌకలో దిమ్మ జిగురులో ఉంది, మా నాన్న చేసినవి జిగురులో ఉన్నాయి, నేను చేసినవన్నీ జిగురులోనే ఉన్నాయి. ఆవిడ దుమ్మును రాకుండా ఆపడం లేదు. వస్తే రానీ, తుడుచుకుందాం అంటోంది. పలకను నిలువుగా పెట్టింది కూడా అందుకే, సగం దుమ్ము దానంతటదే రాలిపోతుంది.

నీళ్ల వరుసలో నా గోళ్లు చూసి ఆవిడ మొహం ఎందుకు పాలిపోయిందో అప్పుడు అర్థమైంది. చూసీ నోరు మెదపకుండా ఇన్నాళ్లూ నా వెనక నిలబడింది. మెదిపితే దరఖాస్తు పోతుంది, మెదపకపోతే నేను పాడుచేస్తాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకాస్తలో తోసిపుచ్చి, సంతకం పెట్టి, సొరంగం మూయించేవాణ్ణి.

వదిన అన్నీ విని, "అయితే మూటలు ఇప్పాలా, ఇప్పొద్దా?" అంది.

"విప్పకండి వదినా" అన్నాను. "మళ్లీ అక్కడికే మోయాలి."

నమోదు 13

ఆ మాట వదినతో ధైర్యంగానే అన్నాను గానీ, రెండు అవకాశాలూ వాడేశానన్న సంగతి ఆఫీసు మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది. సుజ్ఞాన గారి బల్ల మీద ఆ ఉల్లిపొర పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ దాన్ని వెలుతురుకెత్తి చూసింది.

"నియమం మళ్లీ ఒకసారి చెప్పండి నాయుడు గారూ."

"కాగితంలో ఉన్న ప్రకారం రెండుసార్లు చేసి చూడాలి."

"కాగితంలో ఉన్న ప్రకారం మీరు ఎన్నిసార్లు చేశారు?"

"ఒక్కసారీ చేయలేదమ్మా" అన్నాను.

"అయితే రెండూ మిగిలే ఉన్నాయి. ఇదే మాట తీర్పులో రాయాల్సి ఉంటుంది. చదవాల్సిందీ మీరే."

ఊరందరి ముందూ నిలబడి, ఇరవై ఏళ్ల పరీక్షకుడు చదవడం రాక రెండుసార్లు పాడుచేశాడని నేనే చదవాలి. చదువుతాను. బయటికి వచ్చి నడవలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నాకు ఏడుపు అంత తొందరగా రాదు, వచ్చింది. అటుగా పోతున్నవాళ్లు మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు.

నమోదు 14

మూడోది చేశాను. ఆరబెట్టే పని లేదు కాబట్టి తొందరగానే అయింది. క్లిప్పు పెట్టాక నా చేయి దానంతటదే జిగురు డబ్బా వైపు వెళ్లింది. పారిజాతం డబ్బా తీసి మంచం కింద పెట్టేసింది.

బట్టలు లేని మనిషిలా బోసిగా ఉంది. ఆన్ చేయడానికి భయమేసింది, చేశాను. చల్లగా ఉంది. మొదటిదాని వెచ్చదనం కూడా లేదు.

నమోదు 17

దుమ్ముకాలం ముందుగానే విరుచుకుపడింది. తీర్పు వచ్చేదాకా రేకులు బిగించకుండా ఆగడానికి సంఘం ఒప్పుకుంది. పైన గాలి ఎంత రేగినా మనకు చప్పుడు వినపడదు గానీ, దులుపుడు గది గుమ్మం దాటి ఎర్రపొడి లోపలికి పాకుతోంది. వస్తువుకు ఇంతకు మించిన పరీక్ష ఉండదు. క్లిప్పు తీసి చూస్తే దిమ్మ మీద పసుపు అద్దినట్టు పట్టి ఉంది, రంగు మాత్రం కుంకుమ. మెత్తటి గుడ్డతో తుడిచాను. పోయింది. క్లిప్పు పెట్టాను. చల్లగా నడుస్తోంది.

ఇంత చిన్న పనికి మూడు తరాలుగా జిగురు డబ్బాలు మోశాం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాం.

వదిన ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నా ముద్ద మింగుడు దగ్గర్నుంచి నా నడక దాకా అన్నిటికీ వంక పెడుతోంది. ఈ వారం తిన్నంత హాయిగా ఎన్నడూ తిట్లు తినలేదు.

నమోదు 20

పరీక్ష గడువు నిండింది. కోడి కూయలేదు. కూటంలో తీర్పు చదివాను.

తూర్పు సొరంగం వాళ్లంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. పిల్లలు ఒళ్లో, మూటలు కాళ్ల దగ్గర. రేకుల వాళ్లు కూడా పనిముట్లతో వచ్చి వెనక నిలబడ్డారు, ఎటు తేలితే అటు పోదామని. నూకరత్నం మధ్యలో ఉంది. బుగ్గలు ఇంకా పూరించుకునే ఉంది. తీర్పు పూర్తయ్యేదాకా మౌనకాలమే కదా.

కొత్తదా? కొత్తదే అని చదివాను. కాగితాన్ని బట్టి చేయవచ్చా? చేయవచ్చు. కాగితాన్ని బట్టి చేయకపోతే చెడుతుంది, పరీక్షకుడు రెండుసార్లు చెడగొట్టాడు, ఆ వివరం ఇది అని అంతా చదివాను. ఆఖరికి అప్పుడెప్పుడో ఖాళీ వదిలిన ప్రశ్నకు వచ్చాను.

"పనితెలిసిన ఎవరికైనా ఇట్టే తట్టేదా? కాదు. సాక్ష్యం: వాన తవిటినాయుడు, పరీక్షకుడు, ఇరవై ఏళ్ల అనుభవం. జిగురు లేకుండా చేయమన్న కాగితం చేతిలో పెట్టుకుని కూడా అతనికి తట్టలేదు. కనుక హక్కు మంజూరు చేయడమైనది."

ముందు వదిన నవ్వింది. తర్వాత కూటం అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. జన్మలో నా తెలివితక్కువతనం ఒకరికి సాక్ష్యంగా పనికొస్తుందనుకోలేదు. రేకుల వాళ్లు పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయారు. నూకరత్నం ఒక్కతే నవ్వలేదు. లేచి మూల ఉన్న తొట్టి దగ్గరికి వెళ్లి, నోట్లో నీళ్లు ఉమ్మేసి, తిరిగి వచ్చి కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు ఆవిడ వీపు నిమిరారు.

నమోదు 21

ఇది ఆఖరి నమోదు. పరీక్ష ముగిసింది గానీ, ఒక చిక్కు వచ్చిపడింది. హక్కు మంజూరైన ఘడియ నుంచీ నూకరత్నం అనుమతి లేకుండా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎవరింట్లోనూ ఉండకూడదు. తీర్పు చదివి ఇంటికొచ్చి కూర్చున్నాక తలెత్తి చూస్తే, ఊరు మొత్తానికీ అనుమతి లేకుండా దాన్ని వాడుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కంచే చేను మేసినట్టయింది.

వదినను సాగనంపే వంకతో తూర్పు సొరంగానికి వెళ్లాను. నడవ పొడుగునా తలుపులు తెరిచి ఉన్నాయి. మూటలు విప్పుతున్నారు, మేకులు కొడుతున్నారు, ఎవరి పళ్లెం ఎవరింటికి పోయిందో అని పోట్లాడుకుంటున్నారు. వదిన తన ఇంటి గుమ్మంలో కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి, చెప్పుల జత తీసి ఎప్పుడూ ఉండే చోట పెట్టింది. నన్ను లోపలికి రమ్మనలేదు. నేనూ వెళ్లలేదు.

నూకరత్నం దుకాణంలో రాగి కరిగించి కడిగిన నాలుగు పలకలు అప్పటికే ఆరుతున్నాయి.

"రండి బావూ, కూసోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. మా ఇంట్లో నీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటుంది. ఉంచుకోవచ్చో, తీసేయాలో నువ్వు చెప్పాలి."

ఆవిడ చేతిలో పని ఆపింది. అడగదలచుకున్నది ముందే అడిగేశాను. "ఆ రోజు నా చేతులు చూశావు కదూ?"

"సూసినాను. గోళ్లలో జిగురు సూసి కాళ్లాడలేదు. ఎక్కడ నోరు జారిపోద్దోనని, ఆ రోజునుంచి నోటినిండా నీళ్లు పోసుకుని వొచ్చీదాన్ని."

"కొళాయికి మరో వేళ రావచ్చు కదా? నా వెనకే ఎందుకు నిలబడ్డావు?"

"రోజూ తవరి గోళ్లు సూసుకోడానికే బావూ. ఎప్పుడు తెల్లబడతాయా అని." కళ్లు తుడుచుకుని నవ్వింది. "మూడోది సేసినాక తెల్లగా కనపడ్డాయి. ఆ పూట బిందె నింపకుండానే ఇంటికెల్లిపోనాను. మా ఆయన అడిగితే, నీళ్లు రేపు తెచ్చుకోవొచ్చు అన్నాను."

అక్కడున్న పలక ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. నేను గీసిన గీతల కంటే నున్నగా ఉన్నాయి. ఆవిడ అనుమతి కాగితం తెచ్చి ముందు పెట్టుకుంది. రాయబోతూ ఆగింది.

"ఒక షరతు బావూ. వారం వారం దాన్ని తుడిసేది ఎవులు? తవరా, పారిజాతమా?"

"ఇప్పటిదాకా ఇద్దరం..." అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. పరీక్షకుడిగా నేను ఎంతోమందిని అలా చూశాను, ఇన్నాళ్లకు నా వంతు వచ్చింది.

"నేనే తుడుస్తాను" అన్నాను.

షరతు కింద నా పేరు రాసి, సంతకం చేసి ఇచ్చింది.